ఆగే బండికే గిరాకీ

ఆయన పోయాడని సీతాఫల్‌మండి నుంచి ఫోను వచ్చినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట "అయ్యో" కాదు. "జనం బాగ వచ్చిన్రా?" అని.

"బాగ అంటే ఏంది పెద్దనాయనా! గల్లీ నిండి స్టేషను రోడ్డు దాక నిలవడ్డరు," అన్నాడు ఫోను చేసిన మా దూరపు చుట్టం. అక్కడ టైర్ల దుకాణం నడుపుతాడు. "అందరికన్న ఆడోళ్లే ఎక్కువ. ఎవరెవరో ముసలమ్మలు, ఆటోలల్ల వచ్చి ఏడ్సి పోయిన్రు. వాళ్లకు ఈయన ఏమైతడో ఇంట్లోళ్లకే సమజ్ కాలే."

నాకు సమజయింది. ఆ ముసలమ్మలంతా ఒకప్పటి పెళ్ళికూతుళ్ళు. ఆయన కారెక్కి అత్తవారింటికి వెళ్ళినవాళ్ళు. ఫోను పెట్టేసి, దుఃఖం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. వచ్చింది. కానీ దానికంటే ముందే అసూయ వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను పోతే ఇంతమంది వస్తారా? నా కారులో తిరిగినవాళ్ళెవరైనా ఆటో మాట్లాడుకుని వచ్చి ఏడుస్తారా? నా కోసమైతే ఆటో బేరం దగ్గరే వెనక్కి మళ్ళుతారు.

కొన్నాళ్ళ కిందట మా మనవరాలు నన్ను ఒక పెద్ద కార్ల షోరూముకి తీసుకెళ్ళింది. టై కట్టుకున్న సేల్స్ ఆయన మా చుట్టూ తిరుగుతూ, "సీటుకి మీకు నచ్చిన తోలు, కుట్టుకి నచ్చిన రంగు దారం, ఏది కోరితే అది చేసిస్తాం సార్. ఇంజను సంగతి మరిచిపోవచ్చు, దారిలో నిలబెట్టే ప్రసక్తే లేదు. ఇక మా పేరు గురించి నేను చెప్పాలా?" అన్నాడు. కోరినట్టు చేసివ్వడం, నమ్మకంగా నడవడం, పేరు. ఖరీదైన కార్ల కంపెనీలన్నీ ఈ మూడింటి మీదే కొట్లాడుకుంటాయట. అంతా విని, "కాళ్ళ కింద పరిచే పట్టాలు ఊరికే ఇస్తావా?" అని అడిగాను. మనవరాలు నా మోచెయ్యి గిల్లింది. ఆ సేల్స్ ఆయనకేం తెలుసు? ఆ కొట్లాట అరవైల చివర్లోనే తార్నాక చౌరస్తాలో అయిపోయింది. ఇంగ్లండు తరఫున ఆయన, జర్మనీ తరఫున నేను. ఆ రెండు దేశాలకీ ఈ సంగతి తెలియదు, అంతే.

అప్పట్లో విదేశీ కారు కొత్తది తెప్పించుకోవడం మామూలువాళ్ళ వల్ల అయ్యే పని కాదు. కనబడేవన్నీ జాగీర్దార్ల దేవిడీ భవంతుల్లోంచి, దేశం వదిలిపోయే దొరల చేతుల్లోంచి బయటపడ్డవే. పెళ్ళికి మాత్రం అందరికీ అలాంటి కారే కావాలి. ఏడాది పొడుగునా బస్సులో వేలాడే గుమాస్తా కూడా కూతుర్ని పంపేది పొడుగు ముక్కు కారులోనే. అందుకని అవి పెళ్ళిళ్ళకి కిరాయికి తిరిగేవి.

ఆయనది మీగడ రంగు ఇంగ్లీషు కారు. లోపల అసలైన తోలు సీట్లు, తలుపులకి నిగనిగలాడే కర్ర. ఆయన మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవుల ఇంటి మనిషి. ఒక జాగీర్దారు దగ్గర చాలాకాలం డ్రైవరుగా చేశాడు. ఆ కుటుంబం ఊరు వదిలిపోతూ కారు ఆయన చేతికే ఇచ్చేసింది. ఊరికే. ఆ 'ఊరికే' అన్న మాట చెవిన పడ్డ రోజే నా కడుపులో మొదటి నిప్పురవ్వ పడింది.

నాది నల్లటి జర్మనీ బండి. డీజిలుది. ఒక ఫ్యాక్టరీలో పని ముగించుకుని వెళ్ళిపోతున్న దొర దగ్గర కొన్నాను. ఆయన అన్నం తింటుంటే బేరం, సామాను కట్టుకుంటుంటే బేరం, చివరికి స్టేషనుకి బయలుదేరుతుంటే కూడా బేరం. ముషీరాబాద్‌లో మా నాన్నకి కిరాణా దుకాణం, చిన్నాయనకి బట్టల దుకాణం, మేనమామకి ఇత్తడి సామాన్లు. బేరమాడకుండా మా ఇళ్ళలో ఆశీర్వాదం కూడా తీసుకోం. ఎవరైనా 'నూరేళ్ళు బతుకు' అంటే, 'ఇంకో పది వెయ్యండి' అంటాం.

నా బండి ఆగదు. ఎండలో ఆగదు, వానలో ఆగదు, ఉప్పల్ వైపు గతుకుల్లో ఆగదు. కాకపోతే దాని చప్పుడు పిండిమరలా ఉండేది. పెళ్ళిలో నేను కారు స్టార్ట్ చేస్తే సన్నాయి వాయించేవాళ్ళు వాయిద్యం దించి నావైపు చూసేవాళ్ళు. ఆ లోటు కప్పడానికి ప్లాస్టిక్ పూల దండలు కట్టించాను, ముందు రంగు బల్బులు పెట్టించాను, పాట పాడే హారను వేయించాను, బానెట్ మీద రేకు నెమలిని నిలబెట్టాను. కోరినవాళ్ళకి కోరనివి కూడా చేసిపెట్టేవాణ్ణి.

ఆయన పద్ధతి వేరు. ఎవరైనా కిరాయి మాట్లాడడానికి వస్తే, తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటలు పక్కన కారుకి ఆనుకుని నిలబడి, గొంతు పెంచకుండా మాట్లాడేవాడు. నేను ఎదురుగా నా బండి తుడుస్తున్నట్టు నటిస్తూ అంతా వినేవాణ్ణి.

"కిరాయి ఎంతనయ్యా?"

"పిల్ల ఎంత పొడుగున్నది?"

"పిల్ల పొడుగు నీకెందుకు?"

"సీటు దించాల్నా లేపాల్నా చూడాలె గద సాబ్. తలకాయి పైకప్పుకు తాకితే పూలజడ నలుగుతది. అమ్మమ్మ ఉన్నదా ఇంట్ల? మోకాళ్ల నొప్పులా? అయితే కాలు పెట్టనీకి పీట తెస్త. పిల్ల రవిక గుడ్డ జానెడు ముక్క పంపుండ్రి."

ఆ జానెడు ముక్క ఎందుకో అందరికీ తెలిసేది పెళ్ళినాడే. కిటికీ తెరలకి అంచుగా ఆ గుడ్డనే తన చేత్తో కుట్టేవాడు. టోపీ పట్టీలో ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఒకటి ఉండేది. పెళ్ళికూతురు కారెక్కి, తెర పక్కకి జరపబోయి, తన రవిక రంగు చూసుకుని ఆగిపోయేది. ఆ చూపు ఎన్ని పెళ్ళిళ్ళలో చూశానో! నా బల్బులకేసి అలా ఎవరూ చూడలేదు. అత్తవారింట్లో దించాక ఆ అంచు విప్పి, మడిచి, అమ్మాయి చేతిలో పెట్టేవాడు.

"కిరాయి చెప్పవేందయ్యా?" అని మళ్ళీ అడిగితే, "పిల్ల నవ్వితే మీకు తోచింది ఇయ్యుండ్రి, నవ్వకుంటే వద్దు," అనేవాడు. గంటసేపు గొంతు నొప్పెట్టేలా బేరమాడి నేను రాబట్టుకునే దానికంటే ఆయనకి ఎప్పుడూ ఎక్కువే ముట్టేది. వ్యాపారస్థుడి కడుపున పుట్టినవాడికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

ఇంకా అసలు మంట చెప్పలేదు. ఆయన కారు ఆగిపోయేది.

ప్రతి పెళ్ళిలోనూ ఆగిపోయేది. అప్పగింతలయ్యాక కారు పుట్టింటి గేటు దాటి, నాలుగిళ్ళు పోయి, రెండుసార్లు దగ్గి, నిలబడిపోయేది. ఆయన తొందరపడకుండా దిగేవాడు. టోపీ తీసి బానెట్ మీద పెట్టేవాడు. వెనక్కి తిరిగి, గేటు దగ్గర గుంపుగా నిలబడ్డవాళ్ళని చూస్తూ, "పోను అంటున్నది. పుట్టింటి దిక్కే చూస్తున్నది. అన్నదమ్ములు ఎవరన్న ఉంటే వచ్చి జర చెయ్యెయ్యుండ్రి," అనేవాడు.

ఇక చూడాలి ఆ సందడి. అన్నదమ్ములు పంచెలు ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఆడపిల్ల వెళ్ళిపోతుంటే మొహం చూపించలేక స్తంభం చాటున దాక్కున్న తండ్రి కూడా వచ్చి వెనక అద్దం దగ్గర చెయ్యి వేసేవాడు. అద్దానికి అవతల తండ్రి, ఇవతల కూతురు. కారు కదిలేది, ఇంజను అందుకునేది, వెనక అందరూ 'హో' అని అరిచేవాళ్ళు. ఏడుస్తున్న పిల్ల పకపకా నవ్వేది. ఆయన టోపీ పెట్టుకునేవాడు.

ఇది నాకు దొరికిన ఆయుధం అనుకున్నాను. ఇరానీ హోటల్లో కూర్చుని, కనబడిన ప్రతివాడికీ చెప్పాను. "ఆ ఇంగ్లీషు బండి నమ్ముకోకుండ్రి. నడిమిట్ల ఆగుతది. లగ్గం నాడు ఇజ్జత్ పోతది." తార్నాక నుంచి ముషీరాబాద్ దాకా నా మాట పాకింది. ఫలితం కొద్ది రోజుల్లోనే కనబడింది. ఒక పెద్దమనిషి నా బండి దగ్గరికి వచ్చాడు.

"పెళ్లికి బండి కావాలె. మీది ఆగుతదా?"

"ఆగుడా! ఈ బండి పుట్టినకాడికెల్లి ఎన్నడు ఆగలే," అన్నాను ఛాతీ విరిచి.

"అట్లనా," అని ఆయన మొహం వేలాడేశాడు. "ఎన్నడూ ఆగదా? సరే, ఇంట్ల అడిగి చెప్త."

అడిగి చెప్పలేదు. రోడ్డు దాటి అటువైపు వెళ్ళి, పిల్ల పొడుగు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నేను ఊరంతా తిరిగి ఆయనకి గిరాకీ పెంచిపెట్టానని అప్పుడు తెలిసింది. అంతటితో ఊరుకోలేదు ఆయన. ఆ సాయంత్రం నా పక్కనుంచి వెళ్తూ, "బాగ చెప్తున్నవట సేటూ నా గురించి. షుక్రియా," అన్నాడు. వెటకారమో నిజమో ఆయన గొంతులో ఎప్పుడూ దొరికేది కాదు.

ఇక నేను ఆయన కారుకేసి కాకుండా ఆయన చేతులకేసి చూడడం మొదలుపెట్టాను. పిలవని పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళి, కారు కిటికీ పక్కన నిలబడి చూశాను. గేటు దాటేముందు ఆయన చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేవాడు. చెయ్యి సీటు కిందికి పోయేది. అక్కడ చిన్న ఇత్తడి కొళాయి! పెట్రోలు గొట్టానికి తనే బిగించుకున్నాడు. కట్టేస్తే మిగిలిన చుక్కలతో నాలుగిళ్ళ దూరం పోయి ఆగుతుంది. తోస్తున్నప్పుడు తిప్పితే మళ్ళీ అందుకుంటుంది. ఆ కారు నిజానికి నా బండి అంత గట్టిది. నా బండికి నమ్మకం ఉంది, పేరు లేదు. ఆయన తన బండి నమ్మకాన్ని దాచిపెట్టి పేరు సంపాదించాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాన్న ఒక మాట అన్నాడు. "ఎండాకాలం లగ్గాలు అయిపోయే దాక చూస్త. రోజువారీ పని ఏదన్న దొరికితే సరే. లేదంటే బండి అమ్మి గల్లా కాడ కూసో. చింతపండుకైతే గిరాకీ ఎన్నడు ఆగిపోదు." ఆ దుకాణంలో చింతపండు బుట్టల మధ్య జీవితాంతం కూర్చోవడం తలచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు. స్టీరింగు పట్టుకున్నప్పుడే నేను ఎవరికైనా కనబడేవాణ్ణి.

రోజువారీ పని ఒకటుంది. అప్పట్లో యూనివర్సిటీకి విదేశాల నుంచి పండితులు వచ్చిపోతుండేవాళ్ళు. వాళ్ళని విమానాశ్రయం నుంచి క్యాంపస్ గెస్ట్‌హౌస్‌కి తీసుకొచ్చి, ఊరు చూపించి, మళ్ళీ దింపడానికి మంచి విదేశీ కారు ఒకటి ఏడాది పొడుగునా పెట్టుకోవాలనుకుంటున్నారు. ఎవరి బండి అన్నది క్యాంపస్ క్వార్టర్లలో ఉండే ఒక పెద్ద అధికారి తేల్చాలి. ఆయనది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆయన కూతురి పెళ్ళి దగ్గరపడింది. పెళ్ళిలో నా బండి చూపిస్తే పని నాదే అనుకుని, వాళ్ళింటికి వెళ్ళి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి బేరం లేకుండా మాట్లాడాను. "అమ్మగారూ, బండి ఊరికే పంపిస్త," అన్నాను.

ఆ అధికారి భార్య నన్ను ఎగాదిగా చూసింది. "ఊరికే సంగతి సరేనయ్యా, ఆ మీగడ రంగు కారు అప్పగింతలప్పుడు ఆగుతుందటగా? మా పక్కింటి పిల్ల పెళ్ళిలో చూశాం. వాళ్ళ అన్నలు తోస్తుంటే ఎంత ముచ్చటేసిందో! మావాళ్ళు కూడా ముగ్గురూ తోద్దామని ఇప్పట్నించే ఒకటే సరదా."

"మాది కూడ ఆగుతదమ్మా," అనేశాను.

నోరు జారలేదు. ఆలోచించే అన్నాను. ఎన్నడూ ఆగదని ఊరంతా చెప్పుకున్న బండిని ఆపుతానని మాటిచ్చాను. ముషీరాబాద్‌లో ఒక ఫిట్టరు చేత సీటు కింద కొళాయి పెట్టించాను. ఆయన దానికంటే పెద్దది, మెరిసేది. నిలబెట్టిన చోటే కట్టి, వెంటనే తిప్పి చూశాను. ఇంజను చప్పుడు మారలేదు. పెద్ద విద్యేముంది ఇందులో అనుకున్నాను.

పెళ్ళి పొద్దున. అప్పగింతలు మధ్యాహ్నం. పెళ్ళికొడుకు హబ్సిగూడలో సైన్సు పరిశోధనశాలలో ఉద్యోగి, వాళ్ళిల్లూ అక్కడే. క్వార్టర్ల నుంచి తార్నాక మీదుగా చిన్న ప్రయాణం. పిల్ల ఒడిలో బియ్యం పోశారు, కారెక్కించారు. నేను పట్టు లాల్చీలో ఉన్నాను. గేటు దాటాను, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి కొళాయి కట్టాను. నాలుగిళ్ళు దాటాక పిండిమర ఆగింది. దిగాను. నాకు టోపీ లేదు కాబట్టి జేబురుమాలు తీసి బానెట్ మీద పెట్టాను.

"పోను అంటున్నది! పుట్టింటి దిక్కు చూస్తున్నది!" అన్నాను ఆయన గొంతుతో.

అంతా కేకలు. అన్నలు ముగ్గురూ, వాళ్ళ వెనక హాస్టలు విద్యార్థులూ వచ్చి తోశారు. లోపలికి దూకి, కొళాయి తిప్పి, గేరు వేశాను. బండి కుదిపింది గానీ అందుకోలేదు. మళ్ళీ తోశారు. మళ్ళీ కుదుపు. "ఇంకోపాలి!" అన్నాను. ఇంకోపాలి తోశారు. కేకలు తగ్గాయి. నవ్వులు తగ్గాయి. చెట్ల నీడలు దాటి, ఎండలో, తార్నాక చౌరస్తా దాకా తోసుకొచ్చారు. చివరికి చెప్పుల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

డీజిలు బండి గొట్టం కట్టేస్తే ఇంజను గాలి పీల్చుకుంటుందనీ, ఆ గాలి బయటికి తీస్తే తప్ప ట్యాంకు నిండుగా ఉన్నా చుక్క దిగదనీ ఆ చౌరస్తాలో నేర్చుకున్నాను. పట్టు లాల్చీతో బానెట్ కింద తల పెట్టి, ఏ మర వదులు చెయ్యాలో తెలియక చూస్తున్నాను. వెనక పెద్దన్న చొక్కా పిండుకుంటూ, "ఏవయ్యా, ఇది ఆగడమా, చావడమా?" అన్నాడు. పెళ్ళికొడుకు తండ్రి, "వర్జ్యం వచ్చేస్తోందండీ, ఈలోగా గడప దాటాలి. రిక్షా అయినా పిలవండి," అన్నాడు. ఆ మాటకి కారు వెనకే నడిచొస్తున్న పిల్ల నాయనమ్మ రోడ్డు మధ్యలో కర్ర తాటించింది.

"ఒడి నింపి ఎక్కించిన పిల్లని నడిదారిలో దించుతార్రా? అత్తారింట్లోనే దిగాలి అది! దించకండర్రా!"

దించకూడదు. బండి కదలదు. లోపల పిల్ల ఒడిలో బియ్యం గట్టిగా పట్టుకుని చెమటతో కూర్చుంది. అధికారి నన్ను తిట్టలేదు. నావైపు ఒకసారి చూసి, కళ్ళు తిప్పేసుకున్నాడు. ఆ చూపులో గెస్ట్‌హౌస్ తలుపులు మూసుకోవడం, చింతపండు బుట్టలు తెరుచుకోవడం రెండూ కనబడ్డాయి నాకు.

అప్పుడు ఇరానీ హోటల్లోంచి ఆయన బయటికి వచ్చాడు.

రాకపోతే బాగుండు దేవుడా అనుకున్నాను. రాకుంటే ఎట్లా అని కూడా అనుకున్నాను. వచ్చి నా పక్కన బానెట్ కింద తల పెట్టాడు. నాకొక్కడికే వినబడేలా, "కొళాయి పెట్టించినవా?" అన్నాడు.

నేను తలూపాను.

"డీజిలు బండికా?"

ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని తెలిసింది. తల పైకెత్తేసరికి మాత్రం మొహం మామూలుగా ఉంది. నేరుగా ఆ నాయనమ్మ దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు. "అమ్మా, పిల్ల దిగది. దిగొద్దు. ముంగట నా బండి కడ్త. మీ మనుమరాలు రెండు బండ్ల మీద పోతది. తార్నాకల ఇప్పటిదాక ఎవరి పిల్లన్న గిట్ల పోయిందా?"

ముసలావిడ కర్ర దించి ఆలోచించింది. "రెండా?" అంది.

"రెండు, అమ్మా. ఒకటి ఇంగ్లండుది, ఒకటి జర్మనీది."

"అయితే సన్నాయివాళ్ళని ముందు నడవమనండర్రా!" అంది ముసలావిడ.

పందిరి తాడు తెచ్చారు. మీగడ రంగు కారు వెనక నా నల్లబండి. ఆయన లాగుతుంటే, నేను స్టీరింగు పట్టుకుని, చప్పుడు లేకుండా, నా జీవితంలోనే అందమైన ఊరేగింపు నడిపాను. నా బండి మొదటిసారి పిండిమరలా అరవలేదు. దుకాణాలవాళ్ళు లేచి నిలబడి చూశారు. హాస్టలు విద్యార్థులు ఈలలు వేశారు. తెరకి అంచు కుట్టలేదు, పిల్ల పొడుగు అడగలేదు, అయినా పిల్ల నవ్వింది. ఆయన కారు దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు. వర్జ్యానికి ముందే గడప దాటారు. అందరూ ఆయన చుట్టూ చేరి చేతులు పట్టుకున్నారు. నేను తాడు ముడులు విప్పుకున్నాను.

కొన్నాళ్ళకి అధికారి మా ఇద్దరికీ కబురు పెట్టాడు. క్యాంపస్‌లో అధికారి గదిలో నిలబడ్డాం. అధికారి నావైపు చూడకుండా, మీగడ రంగు కారు ఆయనతోనే మాట్లాడాడు.

"ఆ రోజు మా పరువు నిలబెట్టావయ్యా. గెస్ట్‌హౌస్ పని నీకే ఇద్దామనుకుంటున్నాను."

నేను గోడమీది గడియారం చూస్తూ చింతపండు వాసన పీలుస్తున్నాను. ఇంతలో ఆయన అన్నాడు, "నాకు వద్దు సాబ్. నా బండి ఆగుతది. ఊరంతా ఎరుకే. పరదేశపోళ్లు విమానం దిగి తోస్తరా? ఈ సేటు బండికి ఇయ్యుండ్రి. అది ఆగది."

"ఆగదా! మేమంతా తోశాంగా?"

"ఆగలే సాబ్, ఆపిండు. అమ్మగారు ఆగాలె అన్నరట గద? ఆగని బండిని ఆపవోతే అట్లనే అయితది. తన బండికి అలవాటు లేని పని జేయించిండు, గంతే."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంట్లో భార్య ఏమని ఉంటుందో గుర్తు చేసుకుంటున్నట్టున్నాడు. చివరికి నావైపు తిరిగి, "ఇంకెప్పుడూ ఆపకు," అన్నాడు. పని నాకు దొరికింది.

బయటికి వచ్చాక, చెట్టు నీడలో ఆయన్ని ఆపాను. "ఎందుకిచ్చినవ్ అన్నా? ఏడాది పొడుగు పని. నీకు చేదా?"

ఆయన టోపీలోంచి సూది తీసి, దారం ముడి చూసుకుని, మళ్ళీ గుచ్చుకున్నాడు. "గాడ ఎవ్వరు ఏడ్వరు సేటూ. విమానం దిగెటోళ్లు గడియారం చూసుకుంట దిగుతరు. నాకు ఎన్క సీట్ల ఎవరో ఒకరు ముక్కు చీదాలె. లేకుంటే బండి తోల్తున్నట్టే ఉండది."

"నీ కొళాయి సంగతి ఊరంత చెప్తే?"

"చెప్పు," అన్నాడు నడుస్తూనే. "నువ్వు చెప్పినప్పుడల్ల నా గిరాకి పెరుగుతది."

నేను తిన్నగా ముషీరాబాద్ వెళ్ళి నాన్నకి పని దొరికిందని చెప్పాను. ఆయన శనగపప్పు తూస్తున్నాడు. ఎట్లా దొరికిందో అంతా విన్నాడు.

"నీకు ఇప్పిచ్చి, ఆయనేం తీసుకున్నడు?"

"ఏం తీసుకోలే."

నాన్న తరాజు దింపాడు. బేరంలో ఎవరైనా తనని దాటిపోతే పెట్టే మొహం పెట్టాడు. "ఏం తీసుకోలేదా? పెద్దదే తీసుకున్నడు బిడ్డా. ఇగ బతికినంతకాలం నువ్వు ఆయన్ని తిట్టలేవు."

మా నాన్న తూకం ఎప్పుడూ తప్పలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎందరో పండితులని నా బండిలో తిప్పాను. ఒక్కరినీ దారిలో నిలబెట్టలేదు. ఒక్కరూ నా మొహం గుర్తుపెట్టుకోలేదు. రోడ్డుకి అటువైపు ఆయన పెళ్ళి తర్వాత పెళ్ళి ఆపుకుంటూ పోయాడు. ఇరానీ హోటల్లో ఎవరైనా ఆయన మాటెత్తితే నా నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగి, "మంచి మనిషి" అనాల్సి వచ్చేది. ప్రతిసారీ అనాల్సి వచ్చేది. మొన్న ఫోనులో కూడా ఆ మాటే అని పెట్టేశాను. తిట్టే హక్కు అలా పోయింది. కుళ్ళుకోవడం మాత్రం ఆయన నాకే వదిలేశాడు. ఆ పనిలో ఇప్పటిదాకా ఒక్కరోజూ ఆగలేదు నేను.